కార్ల కంపెనీలు పర్యావరణం కోసం నిజంగా ఏం చేస్తున్నాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ కార్ల కంపెనీ వెబ్‌సైట్ తెరిచినా 'పర్యావరణం' అని ఒక పేజీ ఉంటుంది. పచ్చటి ఫొటోలు, 2030 అనో 2050 అనో లక్ష్యాలు, కొన్ని అంకెలు. వాటిలో ఏది పెద్ద విషయం, ఏది చిన్న విషయం అనేది మాత్రం అక్కడ దొరకదు. ఆ తేడా తెలుసుకోవాలనుకునే వాళ్ల కోసమే ఈ జవాబులు.

కారు వల్ల వచ్చే కాలుష్యంలో ఫ్యాక్టరీ వాటా ఎంత?

పెట్రోలు కారైతే చాలా తక్కువ. ఒక చిన్న లెక్క వేసి చూడండి. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకి 15 కిలోమీటర్లు ఇచ్చే కారు మొత్తం మీద 2 లక్షల కిలోమీటర్లు తిరిగిందనుకుందాం. తాగిన పెట్రోలు 13,300 లీటర్ల పైమాటే. అంటే సైలెన్సర్ గొట్టం నుంచి బయటికి వెళ్లింది 30 టన్నులు. కారు బరువు చూస్తే టన్నున్నర ఉంటే ఎక్కువ. తన బరువుకి 20 రెట్ల వాయువుని ఆ బండి గాల్లోకి వదిలిందన్నమాట. ముడిచమురు తవ్వి, శుద్ధి చేసి, బంకు దాకా తేవడానికి అయ్యేది ఇందులో కలపలేదు.

లీటరు పెట్రోలు ముప్పావు కిలో బరువుంటుంది కదా, దాన్నుంచి 2.3 కిలోలు ఎలా వస్తాయని చాలామందికి అనుమానం. పెట్రోలులోని కార్బన్ మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ని కలుపుకుంటుంది. అదనపు బరువు అక్కడిది.

ఇంధనం తర్వాతి స్థానం ముడిసరుకులది: ఉక్కు, అల్యూమినియం, ప్లాస్టిక్, రబ్బరు, గాజు. ఇవి కార్ల కంపెనీ తయారుచేసేవి కావు, కొనుక్కునేవి. వీటన్నిటి తర్వాత, బాగా వెనక, కారుని బిగించే ఫ్యాక్టరీ వస్తుంది. అందుకే ఫ్యాక్టరీ పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టామని ఒక కంపెనీ చెబితే సంతోషించాల్సిందే, కానీ అసలు పని అక్కడితో మొదలైనట్టు కూడా కాదు. ఆ గేటు దాటి బయటికి వెళ్లే బండ్లు ఎలాంటివన్నదే ముఖ్యం.

నివేదికల్లో కనిపించే స్కోప్ 1, స్కోప్ 2, స్కోప్ 3 అంటే ఏమిటి?

ఉద్గారాలను లెక్కగట్టే పద్ధతిలో ఇవి మూడు ఖాతాలు. కంపెనీ తన బాయిలర్లలో, ఓవెన్లలో, సొంత వాహనాల్లో కాల్చే ఇంధనం స్కోప్ 1. కొనుక్కునే కరెంటు, ఆవిరి వెనకున్న ఉద్గారాలు స్కోప్ 2. మిగతాదంతా స్కోప్ 3: గనులు, ఉక్కు కర్మాగారాలు, విడిభాగాల సప్లయర్లు, రవాణా, చివరికి కొన్నవాళ్లు కారు నడిపినంత కాలం మండే ఇంధనం కూడా.

పెట్రోలు, డీజిల్ కార్లు ఎక్కువగా అమ్మే కంపెనీకి మొత్తంలో నాలుగింట మూడు వంతుల పైనే ఆ చివరి పద్దులో ఉంటుంది. 'మా కార్యకలాపాల్లో ఉద్గారాలు సగానికి తగ్గించాం' అన్న వాక్యం కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ మొదటి రెండు ఖాతాల మాటే. అబద్ధం కాదు, కానీ మూడో ఖాతా ఊసు లేకపోతే కథలో పెద్ద భాగం చెప్పనట్టే.

ఫ్యాక్టరీ అనగానే అందరూ పెయింట్ షాప్ గురించే ఎందుకు మాట్లాడతారు?

ప్రెస్ షాప్‌లో రేకులు వంగుతాయి, బాడీ షాప్‌లో రోబోలు వెల్డింగ్ చేస్తాయి, అసెంబ్లీ లైన్‌లో భాగాలు బిగిస్తారు. వీటన్నిటికంటే ఎక్కువ శక్తిని మింగేది పెయింట్ షాపే. చాలా చోట్ల ఫ్యాక్టరీ మొత్తం వాడకంలో సగం దాకా దానిదే.

కారణం తెలియాలంటే ఒక బాడీ వెంట లోపలికి నడవాలి. ముందు దాన్ని శుభ్రంగా కడిగి, రంగు పట్టడానికి వీలుగా ఫాస్ఫేట్ లాంటి రసాయన పూత వేస్తారు. తర్వాత పెద్ద తొట్టిలోని రంగునీటిలో బాడీ మొత్తం మునుగుతుంది. కరెంటు పారించడంతో తలుపు సందుల్లోకి, చట్రం మడతల్లోకి కూడా రంగు వెళ్లి పట్టుకుంటుంది. తుప్పు నుంచి కాపాడేది ఈ పూతే. అక్కణ్ణుంచి ఓవెన్‌లోకి. అక్కడ వేడి 160 నుంచి 180 డిగ్రీల సెల్సియస్. ఆ తర్వాత అతుకుల్లో సీలర్, ప్రైమర్, మనకి కనిపించే రంగు, పైన మెరుపు పూత. మధ్యమధ్యలో మళ్లీ ఓవెన్లు, ఆరబెట్టడాలు.

అన్నిటికంటే ఖరీదైనది గాలి. రంగు చల్లే గదిలో పైకప్పు నుంచి నేల వైపు గాలి ఆగకుండా దిగుతూనే ఉండాలి. దాని వేడి, తేమ కచ్చితంగా ఒకే స్థాయిలో ఉండాలి. లేకపోతే రంగు సరిగ్గా పట్టదు. బాడీకి అంటకుండా తేలిపోయే రంగు తుంపరల్ని పట్టుకోవడానికి పాత పద్ధతిలో నేల కింద నీటి తెర ఉండేది. తుంపరలు అందులో పడి బురదగా మారేవి. గాలి తడిసిపోవడంతో దాన్ని బయటికి పంపి, కొత్త గాలిని తెచ్చి, మళ్లీ వేడో చల్లో చేసేవాళ్లు. రోజంతా ఇదే పని.

ఇప్పటి కొత్త పెయింట్ షాపుల్లో నీటికి బదులు సున్నపురాయి పొడి పూసిన ఫిల్టర్లు గానీ, అట్టపెట్టెల్లాంటి ఫిల్టర్లు గానీ వాడుతున్నారు. గాలి పొడిగానే ఉంటుంది కాబట్టి ఎక్కువ భాగాన్ని మళ్లీ అదే గదిలోకి తిప్పొచ్చు. బురద లేదు, నీటి ఖర్చు లేదు, గాలిని తిరిగి వేడి చేసే కరెంటూ మిగులుతుంది. దీంతోపాటు రసాయన ద్రావకాలతో చేసే రంగులకు బదులు నీటితో కలిపే రంగులు వచ్చాయి. కొన్ని కంపెనీలు ప్రైమర్‌ని విడిగా కాల్చే దశనే ఎత్తేశాయి. ఓవెన్ల నుంచి వచ్చే ద్రావకాల ఆవిరిని అధిక వేడిలో కాల్చేసి, ఆ వేడిని మళ్లీ ఓవెన్‌కే వాడుకుంటున్నాయి. బయటివాళ్లకి కనిపించని, ఫొటోల్లో అందంగా పడని పని ఇది. నా ఉద్దేశంలో ఫ్యాక్టరీల్లో జరిగిన అసలైన మెరుగుదల ఇదే.

'ల్యాండ్‌ఫిల్‌కి సున్నా చెత్త' అంటే చెత్తే రాదనా?

కాదు. చెత్త వస్తుంది, కాకపోతే గుంతలో పూడ్చరు. అమెరికాలో సుబారూ వాళ్ల ఇండియానా ఫ్యాక్టరీ 2004 నుంచే ఈ మాట చెప్పుకుంటోంది. ఇలాంటి చోట అడగాల్సిన ప్రశ్న: పూడ్చని దాంట్లో ఎంత మళ్లీ సరుకయింది, ఎంత కొలిమిలో కాలింది? రెండూ ఒకటి కావు.

అసలు విలువైన తుక్కు ప్రెస్ షాప్‌లో ఉంటుంది. తలుపు రేకు కత్తిరించినప్పుడు కిటికీ భాగం మొత్తం ముక్కగా రాలిపోతుంది. అది అల్యూమినియం అయితే మళ్లీ కరిగించడానికి అయ్యే శక్తి, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి అయ్యే దాంట్లో 5 శాతమే. 2015 మోడల్ నుంచి ఫోర్డ్ తన ఎఫ్-150 పికప్ బాడీని అల్యూమినియంతో చేస్తోంది. ప్రెస్‌ల కింద రాలిన ముక్కల్ని రకాల వారీగా విడదీసి రేకుల తయారీదారుకే వెనక్కి పంపుతుంది. మిశ్రమ లోహాలు ఒకదాంతో ఒకటి కలవకుండా విడదీయడమే ఇందులో కీలకం. కలిసిపోతే ఆ లోహం బాడీ రేకుగా పనికిరాదు, తక్కువ రకం వస్తువుల్లోకి పోతుంది.

నీళ్ల సంగతి?

ఎక్కువ నీళ్లు పోయేది మళ్లీ పెయింట్ షాప్‌లోనే, బాడీని కడిగే దగ్గర. చివరి తొట్టిలో వాడిన శుభ్రమైన నీటిని ముందు తొట్టెలకి, అక్కణ్ణుంచి ఇంకా ముందుకి పంపడం, మురుగునీటిని శుద్ధి చేసి తిరిగి వాడటం ఇప్పుడు మామూలే. అయితే కారుకి ఎన్ని లీటర్లన్నది ఒక్కటే చూడకూడదు. నీటి ఎద్దడి ఉన్న చోట ఫ్యాక్టరీ ఉందా, లేదా అన్నది అంతకంటే ముఖ్యం.

'గ్రీన్ స్టీల్' నిజంగా ఉందా, లేక పేరేనా?

కార్బన్ డయాక్సైడ్ బాగా తక్కువగా వదిలి తీసే ఉక్కుకి ఆ పేరు. ఉంది, కానీ ఇంకా కొద్దిగానే. బ్లాస్ట్ ఫర్నేస్ అనే పెద్ద కొలిమిలో టన్ను ఉక్కు తీస్తే సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బొగ్గు నుంచి చేసే కోక్‌ని అక్కడ వేడి కోసం మాత్రమే వాడరు. ఇనుప ఖనిజంలో ఇనుముని పట్టుకుని ఉన్న ఆక్సిజన్‌ని లాగేసేది కూడా అదే. అందుకే కరెంటు మార్చినంత తేలిగ్గా ఉక్కుని మార్చలేరు. అదే పనిని హైడ్రోజన్‌తో చేయిస్తే కార్బన్ డయాక్సైడ్‌కి బదులు నీటి ఆవిరి వస్తుంది. స్వీడన్‌లో ఎస్ఎస్ఏబీ అనే ఉక్కు కంపెనీ, ఒక గనుల సంస్థ, ఒక విద్యుత్ సంస్థ కలిసి ఈ దారి పట్టాయి. 2021లో తొలి విడత ఉక్కు ట్రక్కులు తయారుచేసే వోల్వో గ్రూప్‌కి చేరింది.

ఇంకో దారి తుక్కుని కరెంటుతో పనిచేసే ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్‌లో కరిగించడం. దీనికి ఒక చిక్కుంది. పాత కారుని ముక్కలు చేసినప్పుడు వైర్లలోని రాగి కొంత ఇనుముతో కలిసిపోతుంది. ఒకసారి కలిశాక దాన్ని తీయడం చాలా కష్టం. రాగి ఎక్కువైన ఉక్కు కారు బయటి రేకులకి పనికిరాదు, ఇళ్ల నిర్మాణానికి వాడే కడ్డీలకి వెళ్తుంది. కారు డిజైన్ చేసేటప్పుడే వైర్లు తేలిగ్గా ఊడి వచ్చేలా పెడితే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. ఈ పని చేయాల్సింది కార్ల కంపెనీయే, తుక్కు వ్యాపారి కాదు.

ఎలక్ట్రిక్ కారు తయారీలోనే ఎక్కువ కాలుష్యం అంటారు. నిజమా?

నిజమే. కానీ అక్కడితో మాట ఆపేస్తే తప్పవుతుంది.

ఈ విషయంలో దాపరికం లేకుండా లెక్కలు బయటపెట్టిన కంపెనీ వోల్వో కార్స్. దాదాపు ఒకే రకం బండి అప్పట్లో రెండు రూపాల్లో వాళ్ల దగ్గర ఉండేది: పెట్రోలుతో నడిచే ఎక్స్‌సీ40, బ్యాటరీతో నడిచే సీ40. ముడిసరుకులు, తయారీ కలిపి చూస్తే ఎలక్ట్రిక్ బండి ఉద్గారాలు పెట్రోలు బండి కంటే సుమారు 70 శాతం ఎక్కువ అని 2021లో వాళ్లే ప్రకటించారు. షోరూమ్‌లో నిలబడి ఉన్న రోజు ఎలక్ట్రిక్ కారు అప్పుల్లో ఉందన్నమాట.

ఆ అప్పు ఎప్పుడు తీరుతుందన్నది ఛార్జింగ్‌కి వాడే కరెంటుని బట్టి ఉంటుంది. పూర్తిగా గాలిమరల కరెంటైతే 49,000 కిలోమీటర్ల దగ్గర లెక్క సమానం అవుతుంది. యూరప్ సగటు కరెంటైతే 77,000. బొగ్గు వాటా ఎక్కువగా ఉన్న ప్రపంచ సగటు కరెంటైతే 1,10,000. అక్కణ్ణుంచి తిరిగే ప్రతి కిలోమీటరూ లాభమే. 2 లక్షల కిలోమీటర్ల చివర పెట్రోలు బండి ఖాతాలో 59 టన్నులుంటే, ప్రపంచ సగటు కరెంటుతో నడిచిన ఎలక్ట్రిక్ బండి ఖాతాలో 50, గాలిమరల కరెంటుతో నడిచిన దాని ఖాతాలో 27.

రెండు విషయాలు గమనించండి. 50కి, 59కి తేడా చిన్నదే. మురికి కరెంటుతో ఎలక్ట్రిక్ కారు గెలుస్తుంది, కానీ భారీగా గెలవదు. రెండోది, పెట్రోలు బండి కొన్న రోజు ఎంత వదులుతుందో చివరి రోజూ దాదాపు అంతే వదులుతుంది. ఎలక్ట్రిక్ బండి మాత్రం గ్రిడ్ శుభ్రపడే కొద్దీ తనూ శుభ్రపడుతుంది. యజమాని ఏమీ చేయనక్కర్లేదు.

ఎక్కువ కాలుష్యం తయారీలోకి మారింది కాబట్టి, ఎలక్ట్రిక్ కార్లు చేసే కంపెనీకి ఫ్యాక్టరీ, సప్లయర్ల విషయం చిన్నది కాదు. బ్యాటరీ సెల్స్ ఎక్కడ, ఏ కరెంటుతో చేశారన్నది ఇప్పుడు అసలు ప్రశ్న. ఎలక్ట్రోడ్ పూతల్ని ఆరబెట్టే ఓవెన్లు, తేమ చుక్క కూడా లేకుండా ఉంచాల్సిన గదులు కరెంటుని విపరీతంగా తాగుతాయి.

బ్యాటరీ కోసం గనులు తవ్వడం పర్యావరణానికి మంచిదా?

మంచిది కాదు. ఏ గనీ మంచిది కాదు. చమురు బావీ కాదు. తేడా ఏమిటంటే చమురు మండి మాయమవుతుంది, బ్యాటరీలోని లోహం అలాగే ఉంటుంది, మళ్లీ తీసుకోవచ్చు.

అందరినీ కలవరపెట్టింది కోబాల్ట్. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో దాదాపు 70 శాతం డెమొక్రాటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగోది. అక్కడ చేత్తో తవ్వే చిన్న గనుల్లో పిల్లలు పనిచేస్తున్నారని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2016లో బయటపెట్టింది. ఆ తర్వాత కంపెనీలు రెండు రకాలుగా స్పందించాయి. బీఎండబ్ల్యూ లాంటివి కాంగోని వదిలి ఆస్ట్రేలియా, మొరాకో గనుల నుంచి నేరుగా కొనడం మొదలుపెట్టాయి. ఇంకొన్ని కోబాల్ట్, నికెల్ అక్కర్లేని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల వైపు వెళ్లాయి. 2024 నాటికి ప్రపంచ ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీల్లో దాదాపు సగం ఈ రకానివే.

మొదటి పద్ధతి గురించి నాకు కొంచెం బాధగానే ఉంటుంది. పెద్ద కంపెనీ తన పేరు చెడకుండా తప్పుకుంటుంది, గనిలో ఉన్నవాళ్ల బతుకు మాత్రం అక్కడే ఉంటుంది. అక్కడే ఉండి పరిస్థితి మెరుగుపడేలా డబ్బు పెట్టే కంపెనీని నేను ఎక్కువ గౌరవిస్తాను.

బ్యాటరీ పని అయిపోయాక ఏమవుతుంది?

కారు నడపడానికి చాలదనుకున్న బ్యాటరీలో ఇంకా చాలా శక్తి నిలవుంటుంది. దాన్ని కదలకుండా ఒకచోట పెట్టి కరెంటు దాచుకోవడానికి వాడొచ్చు. జర్మనీలో బీఎండబ్ల్యూ లైప్‌జిగ్ ఫ్యాక్టరీలో గాలిమరలున్నాయి, 2017లో వాటి పక్కనే ఐ3 కార్ల బ్యాటరీలతో నిల్వ కేంద్రం పెట్టారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఫుట్‌బాల్ స్టేడియంలో 2018 నుంచి నిస్సాన్ లీఫ్ బ్యాటరీలతో ఇలాంటిదే నడుస్తోంది. వాటిలో కొన్ని కొత్తవి, కొన్ని కార్లలో తిరిగినవి.

దానికీ పనికిరాకపోతే ముక్కలు చేసి, నల్లటి పొడిగా మార్చి, ఆమ్లాల్లో కరిగించి లోహాలు వేరు చేస్తారు. ఇక్కడ యూరప్ చట్టం గట్టిగా ఉంది. 2027 ఫిబ్రవరి నుంచి ప్రతి ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకీ డిజిటల్ పాస్‌పోర్టు ఉండాలి. అందులో ఏ లోహాలున్నాయో, ఎక్కడ తయారైందో రాసి ఉంటుంది. 2031 నుంచి కొత్త బ్యాటరీలోని కోబాల్ట్‌లో 16 శాతం, లిథియంలో 6, నికెల్‌లో 6 శాతం రీసైకిల్ చేసినదే అయ్యుండాలి.

హైబ్రిడ్ కార్లు మధ్యేమార్గం కాదా?

పెట్రోలు ఇంజిన్‌కి తోడు చిన్న బ్యాటరీ, మోటారు ఉండే మామూలు హైబ్రిడ్ నిజంగానే ఇంధనం మిగులుస్తుంది. 1997లో జపాన్‌లో టొయోటా ప్రియస్ వచ్చినప్పుడు అది పెద్ద అడుగే. బ్రేక్ వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని బ్యాటరీలోకి తీసుకోవడం ఆ కారుతోనే జనానికి పరిచయమైంది. అయినా దానికి శక్తి అంతా పెట్రోలు నుంచే వస్తుందన్నది మరవకూడదు.

ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే హైబ్రిడ్‌ల విషయంలోనే జాగ్రత్త కావాలి. యూరోపియన్ కమిషన్ కార్లలోని మీటర్ల నుంచే సమాచారం సేకరించి 2024లో ఒక నివేదిక ఇచ్చింది. రోడ్డు మీద ఈ బండ్ల కార్బన్ డయాక్సైడ్ కాగితం మీద చెప్పినదానికి సగటున 3.5 రెట్లు ఉంది. జనం అనుకున్నంతగా ప్లగ్ పెట్టకపోవడం ఇందుకు ముఖ్య కారణం. మామూలు పెట్రోలు, డీజిల్ కార్లలో ఆ తేడా 20 శాతం దగ్గరే.

కంపెనీలు చెప్పే అంకెల్ని నమ్మొచ్చా? 2015లో జరిగింది చూశాం కదా!

ఆ కోపం న్యాయమైనదే. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వ్యాగన్‌కి నోటీసు ఇచ్చింది. డీజిల్ కార్లలోని సాఫ్ట్‌వేర్ పరీక్ష జరుగుతోందని పసిగట్టి, అప్పుడు మాత్రమే నైట్రోజన్ ఆక్సైడ్ల శుద్ధిని పూర్తిగా పనిచేయించేది. రోడ్డెక్కాక అవి పరిమితికి 40 రెట్ల దాకా వెలువడేవి. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల బండ్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీయే ఒప్పుకుంది. దొరికింది ఎలాగంటే, వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు కొలిచే పరికరాల్ని కారు వెనక కట్టుకుని మామూలు రోడ్ల మీద తిరిగారు. అంతే.

ఆ తర్వాత యూరప్‌లో రోడ్డు మీద నడుపుతూ కొలవడం తప్పనిసరి చేశారు. కాబట్టి నమ్మాలా వద్దా అని కాదు, ఎవరు కొలిచారు, ఎక్కడ కొలిచారు అని అడగాలి.

మంచి పనులు కంపెనీలు తమంతట తాము చేస్తాయా, చట్టం వస్తేనే చేస్తాయా?

చరిత్ర చూస్తే ఎక్కువగా చట్టం వల్లే. 1970లో అమెరికా పొగ నియమాల్ని కఠినం చేస్తే, అక్కడి పెద్ద కంపెనీలు సాధ్యం కాదన్నాయి. హోండా ఇంధనాన్ని శుభ్రంగా మండించే సీవీసీసీ ఇంజిన్‌తో, పొగని శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ కూడా లేకుండా ఆ పరిమితుల్ని అందుకుని చూపించింది. మిగతావాళ్లు 1975 మోడళ్ల నుంచి కన్వర్టర్లు పెట్టారు. సీసం కలిపిన పెట్రోలు కన్వర్టర్‌ని పాడుచేస్తుంది కాబట్టి సీసం లేని పెట్రోలూ రావాల్సి వచ్చింది. ఆ మార్పు ప్రపంచమంతా పూర్తవడానికి 2021 జులై దాకా పట్టింది. సీసం పెట్రోలు అమ్మకం చివరగా అల్జీరియాలో ఆగింది. కార్ల చరిత్రలో పిల్లల ఆరోగ్యానికి ఇంతకంటే మేలు చేసిన మార్పు ఇంకోటి లేదని నా నమ్మకం.

ఏసీ గ్యాస్ కూడా అంతే. ఆర్-134ఎ అనే గ్యాస్ కిలో లీకైతే 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. 2017 నుంచి యూరప్ కొత్త కార్లలో దాన్ని నిషేధించడంతో ఆ అంకె 5 కంటే తక్కువున్న ఆర్-1234వైఎఫ్ వచ్చింది. అది గాలిలో విడిపోయాక నీటిలో చాలాకాలం నిలిచే ఒక ఆమ్లం మిగులుతుంది. దాని మీద చర్చ ఇంకా సాగుతోంది.

ఎలక్ట్రిక్ కారుకి పొగ ఉండదు. ఇక గాలి శుభ్రమేనా?

పొగ ఉండదు, దుమ్ము ఉంటుంది. టైరు అరిగితే ఆ పొడి ఎక్కడికో పోవాలి కదా. టైర్లు పగలకుండా 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది గాలిలోని ఓజోన్‌తో కలిసి మారిన పదార్థం వాననీటితో వాగుల్లోకి చేరి కోహో సాల్మన్ చేపల్ని చంపుతోందని 2020లో అమెరికా పరిశోధకులు తేల్చారు. ఏళ్ల తరబడి ఆ చేపలు ఎందుకు చస్తున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు.

బ్రేకుల విషయంలో ఎలక్ట్రిక్ కార్లు మెరుగు. మోటారే వేగం తగ్గిస్తుంది కాబట్టి ప్యాడ్లు తక్కువ అరుగుతాయి. బరువు ఎక్కువ కావడంతో టైర్ల దగ్గర మాత్రం వెనకబడతాయి. 2024లో ఆమోదం పొందిన యూరో 7 అనే యూరప్ వాహన కాలుష్య నిబంధనలు మొదటిసారి బ్రేకుల పొడికీ, టైర్ల అరుగుదలకీ పరిమితులు తెచ్చాయి.

పాత కారుకి కంపెనీ బాధ్యత ఉంటుందా?

యూరప్‌లో ఉంది. 2000 నాటి చట్టం ప్రకారం కారు బరువులో 85 శాతం మళ్లీ వాడటమో రీసైకిల్ చేయడమో జరగాలి, శక్తి కోసం కాల్చడం కూడా కలిపితే 95 శాతం. సీసం, పాదరసం, కాడ్మియం, ఒక రకం క్రోమియం వాడకాన్ని, కొన్ని మినహాయింపులు తప్ప, 2003 నుంచి ఆపారు.

రీసైక్లింగ్ కంటే మేలైనది బాగుచేసి తిరిగి వాడటం. రెనో 1949 నుంచే పారిస్ దగ్గర పాత ఇంజిన్లు, గేర్‌బాక్సులు విప్పి, కడిగి, అరిగిన భాగాలు మార్చి, మళ్లీ గ్యారంటీతో అమ్ముతోంది. ఇంజిన్ బ్లాక్‌ని కరిగించి మళ్లీ పోత పోయాల్సిన పనే లేదు. ఇలాంటి పనికి పచ్చటి పోస్టర్లు పెద్దగా వేయరు, వేస్తే బాగుండును.

'కార్బన్ న్యూట్రల్ కారు' అని ప్రకటనలో ఉంటే?

కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. చాలాసార్లు, ఎక్కడో మొక్కలు నాటించి ఆ లెక్కని కారు ఉద్గారాల్లోంచి తీసేసి ఉంటారు. మొక్కలు నాటడం మంచిదే. కానీ కారు పొగ ఈరోజు గాలిలో కలుస్తుంది, మొక్క దాన్ని పీల్చుకోవడానికి పదుల ఏళ్లు పడుతుంది, మధ్యలో అడవి తగలబడితే అదీ లేదు. ఇలా ఆఫ్‌సెట్ల మీద ఆధారపడి వస్తువుని 'కార్బన్ న్యూట్రల్' అని అమ్మడాన్ని 2026 సెప్టెంబరు నుంచి యూరప్ నిషేధించింది. ఎలక్ట్రిక్ కార్లు చేసే పోల్‌స్టార్ కంపెనీ 2021లో మరో దారి ఎంచుకుంది. ఆఫ్‌సెట్లు లేకుండా 2030 నాటికి వాతావరణానికి భారం కాని కారు చేస్తామంది. చేయగలదో లేదో చూడాలి, లక్ష్యం పెట్టుకున్న తీరు మాత్రం సరైనది.

ఇంత చేస్తున్నా మొత్తం ఉద్గారాలు ఎందుకు పెద్దగా తగ్గడం లేదు?

బండ్లు పెద్దవవుతున్నాయి కాబట్టి. 2023లో ప్రపంచంలో అమ్ముడైన కార్లలో 48 శాతం ఎస్‌యూవీలని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. ఇంజిన్లు మెరుగై మిగిల్చినదాన్ని బరువు, ఎత్తు తినేస్తున్నాయి. ఎలక్ట్రిక్ అయినా అంతే: పెద్ద బండికి పెద్ద బ్యాటరీ, పెద్ద బ్యాటరీకి ఎక్కువ గనులు. లాభం ఎక్కువని కంపెనీలు పెద్ద బండ్లకే ప్రచారం చేస్తాయి. పర్యావరణ పేజీలో ఈ ఒక్క విషయం గురించి మాట్లాడే కంపెనీలు చాలా అరుదు.

కంపెనీ పర్యావరణ నివేదిక చదివేటప్పుడు ఏం చూడాలి?

ముందుగా, అంకె ఒక్కో కారుకా, మొత్తానికా? కారుకి ఉద్గారాలు 20 శాతం తగ్గి, ఉత్పత్తి 50 శాతం పెరిగితే మొత్తం మీద 20 శాతం పెరిగినట్టు. వాతావరణానికి మొత్తమే లెక్క.

తర్వాత, ఏ సంవత్సరంతో పోలుస్తున్నారు? ఉత్పత్తి బాగా ఎక్కువగా ఉన్న ఏడాదిని ఆధారంగా తీసుకుంటే తగ్గుదల గొప్పగా కనిపిస్తుంది. స్కోప్ 3లో కారు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందని ఊహించారో కూడా చూడండి. ఒకరు లక్షన్నర, ఇంకొకరు 2 లక్షలు అనుకుంటే ఇద్దరి అంకెల్నీ పక్కపక్కన పెట్టడంలో అర్థం లేదు. '100 శాతం పునరుత్పాదక కరెంటు' అంటే సొంతంగానో ఒప్పందంతోనో తెచ్చుకున్నదా, లేక సర్టిఫికెట్లు కొన్నారా అన్నది కూడా రాసి ఉండాలి. బయటి ఆడిటర్ సంతకం ఎంతవరకు ఉందో చివరి పేజీల్లో ఉంటుంది. కొన్నిసార్లు అది మొదటి రెండు స్కోప్‌లకే పరిమితం.

చివరగా, పాత నివేదికలు తీసి చూడండి. లక్ష్యాలు మారతాయి. 2030కల్లా పూర్తిగా ఎలక్ట్రిక్ కార్లే అమ్ముతామని 2021లో చెప్పిన వోల్వో కార్స్, 2024 సెప్టెంబరులో దాన్ని 90 నుంచి 100 శాతం అని, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లని కూడా కలిపి సవరించుకుంది. మార్చుకోవడం నేరం కాదు. బాహాటంగా చెప్పి, కారణం చూపించి మార్చారా, లేక కొత్త నివేదికలో పాత వాక్యం చప్పుడు లేకుండా మాయమైందా అన్నది చూడాలి.

నా పాత పెట్రోలు కారు తీసేసి ఎలక్ట్రిక్ కొనాలా?

ఏడాదికి ఎంత తిరుగుతారన్నదాన్ని బట్టి. నెలకి నాలుగైదుసార్లు మాత్రమే బయటికి తీసే కారైతే, కొత్త బండి తయారీ అప్పు తీరడానికే పదిహేనేళ్లు దాటొచ్చు. దాన్నే సర్వీసు చేయించుకుంటూ, టైర్లలో గాలి సరిగ్గా ఉంచుకుంటూ వాడుకోవడం మేలు. ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరిగేవాళ్లయితే ఆ అప్పు చాలా ముందే తీరుతుంది, కరెంటు ఎంత శుభ్రంగా ఉంటే అంత త్వరగా. అలాంటప్పుడు మార్చండి, కావలసినంత సైజు బ్యాటరీ ఉన్న చిన్న బండికే మార్చండి. పాత కారుని అనుమతి ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వండి. అక్కడైతే ఏసీ గ్యాస్, ఇంజిన్ ఆయిల్, బ్యాటరీ ముందుగా తీసి, ఆ తర్వాతే బండిని ముక్కలు చేస్తారు.